అరవైయొక్క చుక్కలు

(మన ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ గడ్డపై పుట్టి పెరిగిన యువతీయువకులారా, ఈ నాలుగు మాటలు ప్రధానంగా మీ కొరకే. మీలో చాలామందిని పసితనం నుండి ఎరుగుదును. కొందరికి అక్షరాభ్యాసం జరిగిననాడు ఇదే మండపంలో నేను పలకలు పంచాను. నేడు మీలో కొందరు నావలెనే ఆసుపత్రులలో పనిచేస్తున్నారు, కొందరు తల్లిదండ్రులయ్యారు. అందుచేత పిల్లలకు హితవు చెప్పినట్లు కాక, సాటి పెద్దలతో మాట్లాడినట్లే మాట్లాడదలచాను.

కష్టకాలంలో మనసుకు ఊరట ఎక్కడ లభిస్తుందన్నది నాకిచ్చిన అంశం. వైద్యురాలిని గనుక మందుల గురించి చెబుతానని నిర్వాహకులు భావించి ఉండవచ్చు. ఆ మాట కూడా చెబుతాను; కాని చివర చెబుతాను. ముందుగా ఒక తిథి గురించి, ఒక ముగ్గు గురించి చెప్పవలసి ఉన్నది.

2020 మార్చి 25న శార్వరి నామ సంవత్సర ఉగాది. ఆ ఏడు ఈ మండపంలో పంచాంగ శ్రవణం లేదు. తలుపులు మూసి, అర్చకస్వామి ఒక్కరే నివేదన చేశారు. న్యూజెర్సీలోని ఆసుపత్రులు కోవిడ్ రోగులతో నిండిపోతున్న రోజులవి. నేను పనిచేసే వార్డులోనికి కుటుంబసభ్యులకు ప్రవేశం లేదు. ముఖానికి మాస్కు, దానిపై కవచం, ఒంటిపై గౌను ధరించి మేము లోపలికి వెళితే, రోగికి మా కన్నులు తప్ప మరేమీ కనబడేవి కావు.

ఆ వార్డులో ఒక తెలుగు పెద్దాయన ఉండేవారు. నా బ్యాడ్జీ మీది పేరు చదివి, "తెలుగువారేనా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. ముక్కు వద్ద ఆక్సిజన్ గొట్టం సర్దుకొని, ఆయాసపడుతూనే మరొక ప్రశ్న వేశారు: "ఈరోజు తిథి ఏమిటమ్మా?"

నాకు తెలియదు. తారీఖు చెప్పాను. ఆయన తల పంకించి కన్నులు మూసుకున్నారు. ఎందుకో ఆ రాత్రి ఇంటికి వచ్చిన పిమ్మట పంచాంగం తెరిచి చూశాను. మరునాడు ఉదయం వెళ్లగానే, "అష్టమి అండీ. రేపు శ్రీరామనవమి" అని చెప్పాను. ఆయన ముఖం వికసించింది. "అయితే రేపు మనకు పానకం లేదన్నమాట" అని నవ్వారు. ఆ వార్డులో చాలా రోజుల తరువాత నేను విన్న మొదటి నవ్వు అది.

నాటి నుండి అదొక నియమమైంది. రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉన్నదో చూడడానికి ముందు తిథి చెప్పేదానిని. పౌర్ణమి, పాడ్యమి, విదియ. తిథి చెప్పినందువలన ఆయన ఊపిరితిత్తులు బాగుపడలేదు. ఆ పని వైద్యం చేసింది, ఆయన దేహబలం చేసింది. కాని కిటికీకి తెర వేసి, పగలూ రాత్రీ ఒకే దీపం వెలిగే ఆ గదిలో, ఒక రోజు మరొక రోజు కాదని ఆయనకు తెలిసేది. తన ఇంట, తన ఊరిలో, తన ఆలయంలో ఉన్నవారందరితో పాటు తానూ అదే రోజులో ఉన్నానన్న నమ్మకం కలిగేది. ఊరట ఎంత చిన్న వస్తువులో ఉంటుందో నాకు మొదట నేర్పినది ఆయన. నేర్చుకున్నానని మాత్రం అప్పటికి నాకు తెలియదు.

ఏప్రిల్ 16 రాత్రి ఏడున్నరకు, విధులు ముగించుకొని ఇల్లు చేరిన కొద్దిసేపటికి, రాజమహేంద్రవరం నుండి అన్నయ్య ఫోన్ చేశాడు. అక్కడ తెల్లవారుతున్నది. నిద్రలోనే అమ్మ గుండె ఆగిపోయిందని చెప్పాడు. అంతర్జాతీయ విమానాలు మార్చి నెలలోనే నిలిచిపోయాయి. వెళ్లే దారి లేదు. దేశమంతటా లాక్‌డౌన్ అమలులో ఉన్నది. అంత్యక్రియలకు ఇరవై మందికి మించి రాకూడదన్న నిబంధన ఉన్నది. గోదావరి గట్టున అన్నయ్య చితికి నిప్పు పెట్టినప్పుడు మాకు రాత్రి ఒకటిన్నర. వంటగదిలో నిలబడి ఫోనులో చూశాను. మధ్యలో రెండుసార్లు చిత్రం ఆగిపోయింది. ముప్పై ఏళ్ల వైద్యవృత్తిలో ఎందరి చివరి ఘడియలలోనో పక్కన నిలబడిన నేను, నా తల్లి పక్కన నిలబడలేకపోయాను.

పెళ్లైన కూతురికి మూడు రాత్రులే మైల. నాలుగవనాడు తిరిగి వార్డుకు వెళ్లాను. పెద్దాయన, "కనబడలేదేమమ్మా?" అన్నారు. జరిగినది చెప్పాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "తిథి?" అని అడిగారు. "చైత్ర బహుళ దశమి" అన్నాను. "గుర్తుపెట్టుకో తల్లీ. ఇకమీదట ఆ తిథి నీది" అన్నారు. ఏప్రిల్ నెలాఖరున ఆయన క్షేమంగా ఇంటికి వెళ్లారు.

నేను మాత్రం క్షేమంగా లేను. ఏడుపు రాలేదు. నిద్ర రాలేదు. కారు నడిపేటప్పుడు కీర్తనలు వినడం నాకు చిరకాలపు అలవాటు. ఇప్పుడు పల్లవి మొదలు కాగానే ఛాతీ బిగుసుకుపోయేది, ఆపివేసేదానిని. భగవంతునిపై కోపం వచ్చింది. ఆ కోపం పైకి చెప్పుకోవడానికి సిగ్గు వేసింది. కుటుంబంతో కూడా పొడిపొడిగా మాట్లాడేదానిని. ఎవరైనా రోగి ఇవే లక్షణాలు చెబితే నేనేమి సలహా ఇస్తానో నాకు తెలుసు. నాకు నేను చెప్పుకోలేదు.

ఏప్రిల్ 29న అన్నయ్య మళ్లీ ఫోన్ చేశాడు. "పదమూడవ రోజు కూడా అయిపోయిందమ్మా. మీ వదిన ఈ పొద్దున గుమ్మంలో ముగ్గు వేసింది" అన్నాడు.

ఈ మాట అర్థం మీలో కొందరికి తెలియకపోవచ్చు. మన ఇండ్లలో ప్రతి ఉదయం వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెడతారు. మరణం సంభవించిన ఇంటి ముందు మాత్రం కర్మలు ముగిసేవరకు ముగ్గు ఉండదు. వీధిన పోయేవారు బోసి గుమ్మం చూసి విషయం గ్రహిస్తారు, గొంతు తగ్గించుకుంటారు. కర్మలు ముగిసిన పిమ్మట ముగ్గు తిరిగి గుమ్మంలోకి వస్తుంది. దుఃఖం తీరిపోయిందని దాని అర్థం కాదు. ఈ ఇంట మళ్లీ పొయ్యి వెలుగుతున్నది, పాలు కాగుతున్నాయి, ఎవరైనా తలుపు తట్టవచ్చునని అర్థం. మాటలతో చెప్పడానికి ఎంతో కష్టమైన సంగతిని మన పెద్దలు చారెడు పిండితో చెప్పారు.

న్యూజెర్సీలోని నా గుమ్మం వైపు చూసుకున్నాను. అది ఎప్పుడూ బోసిదే. సంక్రాంతికి తప్ప ముగ్గు వేసిన పాపాన పోలేదు. పోయినవారికోసం తీసివేయడానికి గాని, బ్రతికి ఉన్నవారికోసం తిరిగి పెట్టడానికి గాని, నా గుమ్మంలో ఏమీ లేదు.

నేను ఈ దేశానికి బయలుదేరిన నాడు అమ్మ నా పెట్టెలో ఒక పుస్తకం పెట్టింది. నేను కాకినాడలో వైద్యవిద్య చదివిన రోజులలో వాడి వదిలివేసిన బయోకెమిస్ట్రీ రికార్డు అది. ఒకవైపు నా ప్రయోగాలు, వాటి కింద మాస్టారి ఎర్రసిరా సంతకాలు; ఎదుటి ఖాళీ పుటలలో అమ్మ గీసిన ముగ్గులు. ఇన్నేళ్లూ అటకమీద అట్టపెట్టెలో ఉండిపోయింది. ఆ రాత్రి వెదికి తీశాను. మొదటి ముగ్గు పైన అమ్మ చేతివ్రాతతో, "సందు చుక్క 9, 5 వచ్చేవరకు" అని ఉన్నది.

అంటే, మధ్య వరుసలో తొమ్మిది చుక్కలు పెట్టాలి. దానికి పైన ఒకటి, కింద ఒకటి వరుస వేస్తూ, పై వరుస చుక్కలు కింది వరుస చుక్కల సందులలో వచ్చేటట్లు, ఒక్కొక్క చుక్క తగ్గిస్తూ, అయిదు మిగిలేవరకు వెళ్లాలి. మొత్తం అరవైయొక్క చుక్కలు. ఆ చుక్కల చుట్టూ ఒకే గీత మెలికలు తిరుగుతూ పోయి, బయలుదేరిన చోటికే వచ్చి కలియాలి.

మరునాడు తెల్లవారకముందే లేచి, మెట్ల ముందు సిమెంటు గచ్చును కడిగి, బియ్యప్పిండితో చుక్కలు పెట్టసాగాను. నాలుగవ వరుసలోనే లెక్క తప్పింది. చెరిపాను. మళ్లీ పెట్టాను. పిండి ఒకచోట ముద్దగా, ఒకచోట పలుచగా పడుతున్నది. అమ్మ వేళ్ల మధ్య నుండి అది దారంలా జారేది. మూడవసారి మొదలుపెట్టే సరికి, అప్పటికి పదహారేళ్ల మా అమ్మాయి తలుపు తీసుకొని వచ్చి నా పక్కన కూర్చున్నది. పుస్తకం చేతిలోకి తీసుకొని, "గీత ఎక్కడ మొదలుపెట్టాలి? అమ్మమ్మ రాయలేదేం?" అని అడిగింది.

నిజమే. అమ్మ చుక్కల లెక్క రాసింది గాని మొదలు ఎక్కడో రాయలేదు. నేను ఎప్పుడో వచ్చి తన పక్కన కూర్చుంటానని, అప్పుడు చూపవచ్చునని అనుకున్నది కాబోలు. ఆ సంగతి మా అమ్మాయితో చెప్పబోయాను. మాట సగంలో ఉండగానే ఏడుపు వచ్చింది. పదమూడు రోజులుగా రానిది అప్పుడు వచ్చింది. మా అమ్మాయి ఏమీ అనలేదు. నా చేతిలోని పిండి గిన్నె తాను తీసుకొని, ఒక మూల చుక్క దగ్గర గీత మొదలుపెట్టింది. అక్కడ తప్పు. మరొకచోట మొదలుపెట్టింది. సూర్యోదయానికి గీత కలిసింది. ఆ ముగ్గు వంకరగానే వచ్చింది. ఆ మధ్యాహ్నానికి చీమలు వచ్చి పిండి తిన్నాయి, రాత్రి వానకు మిగిలినది కొట్టుకుపోయింది. తెల్లవారిన పిమ్మట మళ్లీ వేశాం.

ఇందులో ఏమి జరిగింది? వైద్యురాలిగా ఈ ప్రశ్న వేసుకోక తప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా ప్రాంతీయ కార్యాలయం 2019లో కళలకు, ఆరోగ్యానికి గల సంబంధంపై 3,000కు పైగా అధ్యయనాలను సమీక్షించి ఒక నివేదిక వెలువరించింది. వ్యాధుల నివారణలోను, చికిత్సకు తోడుగాను కళలకు పాత్ర ఉన్నదని అందులో పేర్కొన్నారు. పాట పాడేవారు సహజంగానే దీర్ఘంగా శ్వాస వదులుతారు; అట్టి శ్వాస వలన గుండె వేగం నెమ్మదిస్తుంది. చేతికి పని, కంటికి గురి, మనసుకు లెక్క ఏకకాలంలో దొరికినప్పుడు చింత తిరిగిన చోటే తిరగడానికి చోటు తగ్గుతుంది. ఇదంతా సత్యమే. కాని నా అనుభవం మరొక మాట కూడా చెబుతున్నది. ఊరట అంటే దుఃఖాన్ని మరచిపోవడమని నేను అనుకునేదానిని. ఆ ఉదయం నాకు ముగ్గు దుఃఖాన్ని మరపించలేదు. దాచుకున్న దుఃఖానికి బయటకు వచ్చే దారి ఇచ్చింది.

మన సంప్రదాయానికి ఈ సంగతి బాగా తెలుసు. భద్రాచల రామదాసును చూడండి. ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహశీలుదారు. ప్రభుత్వానికి చేరవలసిన పన్నుల సొమ్ముతో భద్రాచలంలో రామాలయం కట్టించాడన్న నేరానికి గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. ఆ చెరసాల పన్నెండేళ్లని చెప్పుకుంటారు. ఆయన ఉన్నదని చెప్పే గదిని ఈనాటికీ చూడవచ్చు. గోడమీద చెక్కిన దేవతామూర్తులు ఆయన చేతివేనని ప్రతీతి. ఆ చీకటిగదికి చెందినవని చెప్పే కీర్తనలలో వేడుకోలు మాత్రమే లేదు. ఏ నగకు ఎంత ఖర్చయిందో రామునికి లెక్క అప్పగించడం ఉన్నది. ఎవరి సొమ్మని ఇంత కులుకు అని నిలదీయడం ఉన్నది. పిమ్మట, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, మన్నించమని ప్రాధేయపడడమూ ఉన్నది. మన పూర్వులు మెత్తని పాటలను మాత్రం ఉంచుకొని ఆ తిట్టిన పాటను దాచివేయలేదు. నేటికీ ఆలయాలలో పాడుతున్నారు. నాకు కోపం వచ్చినందుకు సిగ్గుపడ్డానని చెప్పాను గదా. సిగ్గుపడవలసిన పని లేదని రామదాసు మూడు శతాబ్దాల క్రిందటే చెప్పాడు. కీర్తనలు తిరిగి విన్ననాడు నేను మొదట విన్నది ఆయననే.

గొంతెత్తి నిలదీయలేని వారి కొరకు మరొక పాట ఉన్నది. "ఊర్మిళాదేవి నిద్ర" అనేది మన స్త్రీలు పాడుకొన్న రామాయణపు పాటలలో ఒకటి. వాల్మీకి ఊర్మిళ గురించి చెప్పినది చాలా తక్కువ. స్త్రీలు ఆమెను వదలలేదు. లక్ష్మణుడు అడవికి వెళ్లగా ఆమె పద్నాలుగేండ్లు నిద్రలో ఉండిపోతుంది. అందరూ తిరిగివచ్చిన పిమ్మట లక్ష్మణుడు ఆమె వద్దకు వెళితే, ఆమె ఆయనను గుర్తుపట్టదు. పరపురుషుడు గదిలోకి వచ్చాడని మందలిస్తుంది. మా అమ్మ మధ్యాహ్నం వేళ బియ్యం ఏరుకుంటూ ఈ పాట పాడేది. మా నాన్నగారు ఉద్యోగరీత్యా ఏళ్లతరబడి పరాయి ఊళ్లలో ఉండేవారు. నాకా పాట చిన్నతనంలో కేవలం కథ. అమ్మ ఎవరి గురించి పాడేదో నాకు యాభయ్యవ ఏట తెలిసింది. తన బాధ తనదని ఒక్కనాడూ ఎవరితోనూ చెప్పుకోకుండా, ఊర్మిళ పేరు మీద చెప్పుకున్నది. చేతులు మాత్రం చేటలో రాళ్లు ఏరుతూనే ఉన్నాయి.

యువతీయువకులారా, ఇక మొదట దాటవేసిన మందుల మాట చెబుతాను. ముగ్గు మందు కాదు. పాట మందు కాదు. నాకు నిద్ర పట్టని ఆ రోజులలో ముగ్గు వేసిన వారం తరువాత నేను సాటి వైద్యురాలిని సంప్రదించాను. ఆమె సూచించిన చికిత్స కొన్ని నెలలు తీసుకున్నాను. ఈ మాట ఈ వేదికపై చెప్పడానికి కొంత ఆలోచించాను. మన సమాజంలో చక్కెరవ్యాధికి వాడే మందుల గురించి భోజనాల వరుసలో కూడా మాట్లాడుకుంటాం. మనసుకు వాడే మందుల గురించి మాత్రం నోరు మెదపం. ఆ మౌనం వలన నష్టపోయిన కుటుంబాలను నేను చూశాను. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి పోయినా, బ్రతకాలని లేదన్న తలపు ఒక్కసారి వచ్చినా, వైద్యుల వద్దకు వెళ్లండి. ఈ దేశంలో 988 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. దేవునిపై నమ్మకం తక్కువైనందున వచ్చిన జబ్బు కాదది. అమ్మానాన్నలకు చెప్పడానికి సంకోచమైతే నావంటి పిన్నులు, అత్తయ్యలు ఈ ఆలయంలో ఎందరో ఉన్నారు. చెప్పండి. మేము వింటాం.

మరి మందులుండగా ముగ్గెందుకు? మందు నాకు నిద్ర ఇచ్చింది. నిద్ర లేచిన తరువాత ఏమి చేయాలో ముగ్గు చెప్పింది. రెండూ కావలసి వచ్చాయి.

అయితే ఒక్కటి గమనించండి. తిథులు తెలిసిన పెద్దాయనకు తిథి పనికి వచ్చింది. పాటలు వచ్చిన మా అమ్మకు పాట పనికి వచ్చింది. నా విషయంలో, అమ్మ ముందుచూపుతో పెట్టెలో పెట్టిన పుస్తకం ఉన్నది గనుక సరిపోయింది. లేకుంటే ఆ ఏప్రిల్‌లో నా చేతులకు పని ఉండేది కాదు. కష్టం వచ్చిన తరువాత నేర్చుకోవడం కష్టం. ముందే కొంత చేతిలో ఉండాలి. అది గొప్ప కళ కానక్కరలేదు. మీరు ఇంగ్లీషులోనే ఆలోచిస్తారని, తెలుగు తడబడుతుందని మొహమాటపడవద్దు. చుక్కలకు భాష లేదు. ముగ్గు కాకపోతే పప్పు తాలింపు పెట్టడం, ఒక కీర్తన, దీపపు వత్తి చేయడం, మీ తాతగారి ఊరి కథ ఏదైనా సరే. రోజూ చేయగలిగినది, చేయడానికి ఎక్కువ సమయం పట్టనిది ఒకటి ఎంచుకోండి.

ఆ ఒక్కటి మీ అమ్మనో, నాన్ననో, అమ్మమ్మనో, తాతయ్యనో అడిగి, వారి పక్కన కూర్చొని నేర్చుకోండి. ఫోనులో చిత్రీకరించుకోండి, తప్పులేదు; కాని చిత్రీకరించడంతో ఆగిపోవద్దు. గీత ఎక్కడ మొదలవుతుందో తప్పక అడగండి. నేను అడగలేదు.

మా అమ్మాయి ఇప్పుడు చదువు నిమిత్తం వేరే రాష్ట్రంలో ఉంటున్నది. పరీక్షలనాడు ఫోన్ చేసినప్పుడు, మాటల మధ్య పెన్ను కాగితంపై కదులుతున్న చప్పుడు వినబడుతుంది. "ఎన్ని చుక్కలు?" అని అడుగుతాను. "అరవైయొక్కటే అమ్మా" అంటుంది. ప్రతి ఏటా చైత్ర బహుళ దశమినాడు మా ఇద్దరి గుమ్మాలలో అదే ముగ్గు ఉంటుంది.

మన ఆలయంలో శనివారం ఉదయం సుప్రభాతం వేళకు కొందరు అక్కలు ధ్వజస్తంభం ముందు ముగ్గు వేస్తారు. వారికి వయసు మీద పడుతున్నది, వంగడం కష్టమవుతున్నది. వచ్చే శనివారం నేను అక్కడ ఉంటాను. పిండి నేను తెస్తాను. మీలో ఎవరు వచ్చినా చోటున్నది.